నాయన విన్న మాట

ఆ ఎండాకాలమంతా మా ఇంట్లో ముగ్గురం ఎదురుచూస్తూనే గడిపాం. నాయన దేవుడి మాట కోసం చూశాడు. నేను నాయన మాట కోసం చూశాను. అమ్మ దేనికోసం చూసిందో నేను అడగలేదు. ఆమెను ఏదైనా అడగడం మా ఇంట్లో అలవాటు లేదు.

నాయన పేరు ప్రేమానందం. సత్యవేడు దగ్గర మా పల్లెలో ఉన్న చిన్న చర్చికి ఉపదేశి. పాస్టరు అయ్యగారు నెలకొక ఆదివారం బండి మీద వచ్చి, బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభు సంస్కారం ఇచ్చి పోతారు. మిగతా ఆదివారాలు వాక్యం చదవడం, పాట ఎత్తుకోవడం, చావుకూ పెళ్ళికీ ప్రార్థన చేయడం అన్నీ నాయన పనే. దానికి జీతం లేదు. పగలంతా కూలికి వేరుశనగ పీకి, సాయంత్రం స్నానం చేసి తెల్లచొక్కా తొడుక్కుంటే ఉపదేశి అయిపోయేవాడు. ఆయన గొంతుకు మైకు అవసరం ఉండేది కాదు.

ఊరికి ఆయనతో ఇంకో పని కూడా ఉండేది. ఏదైనా తేల్చుకోలేకపోతే వచ్చి, "దేవుణ్ణి అడిగి చెప్పప్పా" అనేవాళ్ళు. చర్చివాళ్ళే కాదు, బోరు వేయించే ముందు నుదుట నామంతో మునస్వామి కూడా వచ్చాడు. నాయన కళ్ళు మూసుకుని చాలాసేపు కూర్చునేవాడు. మాట వస్తే చెప్పేవాడు. రాకపోతే, "నాకేమీ రాలేదబ్బా" అనేవాడు. మునస్వామికి అదే చెప్పాడు.

"మీ దేవుడికి బోర్ల సంగతి తెలీదేమోలేప్పా" అని నవ్వుకుంటూ పోయాడు మునస్వామి.

రాని మాటను వచ్చిందని నాయన ఎన్నడూ చెప్పలేదు. ఊరు ఆయనను నమ్మేది అందుకే.

నాయనకు క్రిస్మస్ పాటలప్పుడు పోయిన గొంతు తిరిగి రాలేదు. మిరియాల కషాయం, తేనె, సత్యవేడు డాక్టరు మాత్రలు, ఏవీ పనిచేయలేదు. ఈస్టరుకు ముందు శ్రమల కాలం ధ్యానాలు నాయన గుసగుసగా నడిపాడు. ఈస్టరు అయిన మరుసటి వారం నేను సెలవు పెట్టి ఆయన్ను పుత్తూరు, చిత్తూరు మీదుగా వేలూరు పెద్దాసుపత్రికి తీసుకుపోయాను. అమ్మ కూడా వచ్చింది. గొంతులోంచి చిన్న ముక్క కోసి పరీక్ష చేశారు. స్వరపేటికలో కేన్సరు అని తేలింది.

డాక్టరు తమిళ యాసలో తెలుగు మాట్లాడాడు. ఒక బొమ్మ గీసి చూపించాడు. స్వరపేటిక మొత్తం తీసేయాలన్నాడు. ఆ తర్వాత మెడ ముందు భాగంలో పెట్టే రంధ్రం నుంచే ఊపిరి తీసుకోవాలన్నాడు.

"మాట?" అన్నాడు నాయన.

"మాట రాదు. తర్వాత మెషిన్ పెట్టుకోవచ్చు, వేరే దారులు ఉన్నాయి. కానీ ఇప్పుడున్న గొంతు ఉండదు."

నాయన కాసేపు ఆ బొమ్మనే చూశాడు. "పాట, సార్?" అని అడిగాడు.

 డాక్టరు పెన్ను మూత పెట్టి నా వైపు చూశాడు.

"ప్రార్థన చేసుకుని చెప్తాను సార్."

"చేసుకోండి పెద్దాయనా. నేనూ చేసుకుంటాను. కానీ త్వరగా చేసుకోండి."

తిరిగొచ్చేటప్పుడు బస్సులో అమ్మ సంచి ఒళ్ళో పెట్టుకుని కిటికీ వైపు కూర్చుంది.  పుత్తూరులో బస్సు మారేటప్పుడు, "ఇడ్లీ తింటావా?" అని నాయనను అడిగింది. ఆయన వద్దన్నాడు. తానూ తినలేదు.

ఆ రోజు నుంచి నాయన ప్రతి మధ్యాహ్నం చర్చికి పోయి కూర్చునేవాడు. రేకుల కప్పు. మేలో అందులో కుక్క కూడా పడుకోదు. చెమటతో చొక్కా వీపుకు అంటుకుపోయి తిరిగొచ్చేవాడు. నేను మొహం చూసేదాన్ని. ఆయన తల అడ్డంగా ఊపేవాడు. మరుసటి రోజు మళ్ళీ పోయేవాడు.

నేను శ్రీసిటీలో ఒక కంపెనీ స్టోర్సులో పనిచేస్తాను. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేనే కాబట్టి సంతకం పెట్టాల్సిన ప్రతి చోటా నేనే పెట్టాలి. ఆసుపత్రివాళ్ళ ఫోన్లు నాకే వచ్చేవి. "మేడం, తేదీ ఖాయం చేద్దామా?" అనేవాళ్ళు. "మా నాయన ఇంకా..." అని ఆగిపోయేదాన్ని. ఇంకా ఏమిటో ఫోనులో చెప్పే మాట కాదు. షిఫ్టులు మారేవి, నిద్ర సరిగ్గా ఉండేది కాదు, కాళ్ళు వాచేవి. ఇంటికొస్తే వసారాలో నాయన ఊపిరి సన్నగా ఈల వేస్తూ వినపడేది. ఆ ఈల వారం వారం పెరుగుతూ ఉంది.

ఒక సాయంత్రం కుప్పమ్మత్త వచ్చింది. చర్చిలో అందరికంటే పెద్దది. ఆమెకు దర్శనాలు కనపడతాయి.

"నాకు చూపించినాడు ప్రేమానందం," అంటూనే కూర్చుంది. "తెల్లగుడ్డ. దాని మింద కత్తి. వద్దు అని ఒక సెయ్యి అడ్డమొచ్చినాది. సెయ్యే కనపడింది, మొగం కనపళ్ళా. కత్తి తగలకూడదు నీ గొంతుకి. ప్రార్థనతోనే పోతాది."

నాకు ఒళ్ళు మండింది. "అత్తా, మీ కోడలికి మొగబిడ్డని కూడా చూపించినాడు కదా?"

"చూపించినాడు. ఆడబిడ్డ పుట్టింది. అది నేను సరిగ్గా సూళ్ళేదు. తప్పు నాదే గాని ఆయనది కాదు." ఏమాత్రం జంకలేదు. "డిగ్రీ చదివినావు, అట్లే మాట్లాడతావులే. ఏమే గంగులా, కాస్త మంచినీళ్ళియ్యి."

అమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చిచ్చి మళ్ళీ లోపలికి పోయింది.

కుప్పమ్మత్త పోయాక నేను నాయన పక్కన కూర్చున్నాను. "నాయనా, డాక్టరు చెప్పిందే దేవుడి మాట అనుకోరాదా?"

"డాక్టరు మాట డాక్టరుది," అన్నాడు గుసగుసగా. మాట మాటకూ ఊపిరి కోసం ఆగుతున్నాడు. "మంచోడే. అయినా ఆయన మాట ఆయనది."

"మరి నీకేం వినపడాల?"

"ఏదో ఒగటి. పొమ్మననీ, వద్దననీ. ఊరోళ్ళ సంగతి అడిగితే పలికినాడు. నా సంగతి అడిగితే గమ్మునుండాడు."

"గమ్మునుంటే మనమే తేల్చుకోవాల నాయనా. ఇట్లే కూర్చుంటే ఏమవతాదో నీకు తెలుసు."

"తెలుసు నిస్సీ."

అంతటితో ఊరుకుంటాడనుకున్నాను. కాసేపటికి వీధి వైపు చూస్తూ, "ఈ గొంతు ఆయన పనికే ఇచ్చినాడనుకుంటి. దీన్ని తీసేసినాక నన్ను ఏం చేసుకుంటాడు ఆయన?" అన్నాడు.

 దానికి జవాబు బీకాంలో చెప్పలేదు, సండేస్కూల్లో కూడా చెప్పలేదు. వంటింట్లో అమ్మ ఏదో రుబ్బుతోంది. ఆ మాట ఆమెకు వినపడిందో లేదో కూడా నేను గమనించలేదు.

తర్వాత కొన్ని రోజులకు, నైట్‌షిఫ్టు చేసి పొద్దు పొడిచాక కంపెనీ బస్సు దిగి ఇంటికొచ్చాను. వసారాలో నాయన మంచం మీద లేచి కూర్చుని ఉన్నాడు. పడుకుంటే ఊపిరాడక అప్పటికి కూర్చునే నిద్రపోతున్నాడు. అమ్మ ఆయన ఎదురుగా నేల మీద ఉంది. వాకిలి ఊడ్చి చీపురు పక్కన పెట్టింది. జుట్టు ముడి వేసుకోలేదు. నేను గడపలోనే చెప్పులు విడుస్తూ ఆగిపోయాను.

"నాకు చెప్పినాడు," అంది అమ్మ.

నాయన తలెత్తాడు. "ఎవురు?"

"ఆయనే. ప్రభువు."

మా అమ్మది చంద్రగిరి వైపు. పెళ్ళినాడు బాప్తిస్మం తీసుకుంది. పేరు గంగులమ్మ అనే ఉంచుకుంది. ప్రతి ఆదివారం ఆడవాళ్ళ వైపు ఆఖరి వరసలో కూర్చుంటుంది. దేవుడు తనకు చేసిన మేలు గురించి ఒక్కసారి కూడా లేచి సాక్ష్యం చెప్పలేదు. గట్టిగా ప్రార్థన చేయగా నేను వినలేదు. అలాంటి మనిషి నోట ఆ మాట వచ్చేసరికి నాకు చెప్పు చేతిలోనే ఉండిపోయింది.

"ఏమన్నాడు?" అన్నాడు నాయన.

"పొమ్మన్నాడు. కోయించుకోమన్నాడు." అమ్మ నేలను చూస్తూ మాట్లాడుతోంది. "గొంతు నేనిచ్చిందే, నేనే తీసుకుంటానన్నాడు. గొంతు లేకపోయినా పర్వాలేదు, మనిషి కావాల అన్నాడు. పాడకపోయినా, సదవకపోయినా, పని చెయ్యకపోయినా మనిషి కావాల నాకు అన్నాడు."

 కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, పక్కనున్న చీపురు తీసుకుని, ఊడ్చిన వాకిలినే మళ్ళీ ఊడ్చడానికి పోయింది.

నాయన ఆమె పోయిన వైపు చాలాసేపు చూశాడు. ఎవరైనా ఏదైనా అడిగినప్పుడు కళ్ళు మూసుకునే మనిషి ఆ రోజు మూసుకోలేదు. తర్వాత నన్ను చూసి, "ఫోన్ చెయ్యి మే. వస్తామని చెప్పు," అన్నాడు.

ఆసుపత్రిలో గడిపిన రోజులు నాకు వరసగా గుర్తు లేవు. సంతకాలు పెట్టాను. కారిడార్లో బెంచీ మీద అమ్మ పక్కన కూర్చున్నాను. నన్ను ప్రార్థన చేయమంది. "నువ్వే చేయి, నీ మాట ఆయన వింటున్నాడు కదా" అన్నాను. నేను మామూలుగా అన్నాను. ఆమె మొహం తిప్పుకుంది.

ఆపరేషను బాగానే జరిగింది. నాయన కళ్ళు తెరిచి ఏదో చెప్పబోయాడు. పెదాలు ఆడాయి కానీ శబ్దం లేదు. తెలిసిన విషయమే అయినా ఆయన ఉలిక్కిపడ్డాడు. అమ్మ చేయి పట్టుకుని, "తెలుస్తా ఉండాదిలే, నీళ్ళా?" అంది. నీళ్ళు కాదు. చాలాసేపటికి నాకు అర్థమైంది. కంపెనీలో యంత్రాల మోతలో పెదాలు చూసి మాట పట్టుకోవడం మాకు అలవాటే. "ఎండగా ఉందా బయట?" అని అడుగుతున్నాడు. మేము తిండి తిన్నామా, నీడలో ఉన్నామా అని ఆయన బాధ.

ఇంటికొచ్చేసరికి మొదటి వానలు పడ్డాయి. మెడలో రంధ్రం, దాని మీద పలుచటి తెల్లగుడ్డ. అమ్మ ఆసుపత్రిలో నర్సు దగ్గర నేర్చుకుని రోజూ దాన్ని శుభ్రం చేసేది. నోటితో తినడం మొదలుపెట్టాక ముద్ద దిగడానికి చాలా తిప్పలు పడేవాడు. మునస్వామి తాటిముంజలు గుడ్డలో కట్టుకొచ్చాడు. "మెత్తగా జారతాయప్పా, తిను. నాకు బోరులో నీళ్ళు పడినాయి. మీ దేవుడు చెప్పకపోయినా పడినాయి," అని నవ్వి, నాయన నవ్వాడో లేదో చూసి, కళ్ళు తుడుచుకుంటూ పోయాడు.

చర్చిలో వాక్యం ఇప్పుడు నేను చదువుతున్నాను. నా గొంతు మూడో వరసకే పోదు. వెనక నుంచి పిల్లకాయలు "వినపడలా" అని అరుస్తారు.

ఇబ్బంది వేరే వైపు నుంచి వచ్చింది. నాయనను ఆపరేషనుకు పంపింది అమ్మకు వచ్చిన మాటేనని ఎలాగో కుప్పమ్మత్తకు తెలిసింది. ఆమె దర్శనానికి ఎదురుగా వచ్చిన మాట అది. కోపం తెచ్చుకుంటుందనుకున్నాను. ఆమె మాత్రం ఆదివారం అందరి ముందూ లేచి నిలబడింది.

"నేను సూసింది సగమే. గంగులకు పూరాగా చెప్పినాడు ప్రభువు. ఇన్నేండ్లు ఎనక వరసలో మూల కూర్చున్న మనిషితో మాట్లాడినాడు సూడండి!"

అప్పటి నుంచి ఆడవాళ్ళు మా ఇంటికి రావడం మొదలుపెట్టారు. నాయన దగ్గరికి వచ్చినట్టే అమ్మ దగ్గరికి వచ్చేవాళ్ళు. పక్కవీధి కోమలి, మొగుడికి శ్రీసిటీలో పని దొరుకుతుందా అని అడగడానికి వచ్చింది.

"అక్కా, ఒక్క మాట అడిగి చెప్పు. ఊ అంటాడా లేదా, అంతే."

"నాకేం తెల్దు కోమలీ. నిస్సీని అడుగు, కంపెనీలో ఉండేది అది."

"నిస్సీ హెచ్చార్‌ను అడగతాది. నువ్వు పైవాణ్ణి అడుగక్కా."

"దండం పెడతా, పోమ్మా."

బయట కుప్పమ్మత్త మిగతావాళ్ళకు చెబుతోంది: "తగ్గించుకుంటా ఉండాది. సూసినారా? నిజంగా ఇనపడినోళ్ళు అట్లే ఉంటారు."

అమ్మ పట్టపగలు తలుపు గడియ పెట్టుకోవడం మొదలుపెట్టింది.

సంస్కారపు ఆదివారం వచ్చింది. ఏకాంబరం అయ్యగారు బల్ల సిద్ధం చేశారు. వరసగా పోయి మోకరించాం. అమ్మ రాలేదు. ఒళ్ళు బాగాలేదేమో అనుకున్నాను. తర్వాతి నెల కూడా ఆఖరి వరసలో తల వంచుకుని కూర్చుంది. నాయన మోకాళ్ళ మీద నుంచి వెనక్కి తిరిగి చూశాడు. అయ్యగారు ఆయన చేతిలో రొట్టె పెడుతూ, "గంగులమ్మ రాలేదే?" అని మెల్లగా అడిగారు. నాయన దగ్గర జవాబు చెప్పే గొంతు లేదు.

మా దగ్గర ఊరికే ఎవరూ బల్లకు దూరంగా ఉండరు. పాపంలో ఉన్నవాళ్ళే ఉంటారు. రెండు నెలలు వరసగా ఉంటే ఊరు కారణం వెతుకుతుంది.

ఆ మధ్యాహ్నం నాయన నిద్రపోతుంటే పెరట్లో అమ్మ మునగాకు దూస్తోంది. నేను ఎదురుగా కూర్చుని రెమ్మ తీసుకున్నాను.

"ఎందుకమ్మా బల్లకు రావు?"

చాలా రెమ్మలు దూసింది. అప్పుడు చెప్పింది.

"మా అవ్వ మీదికి గంగమ్మ వచ్చేది. మీ తాతకు నాయన, అంటే మా తాత, తాగేవోడు, కొట్టేవోడు. అవ్వ నోరెత్తేది కాదు. జాతరప్పుడు మాత్రం గంగమ్మ వచ్చి అవ్వ నోట్లోనుంచి తిట్టేది. 'ఒరే, నా బిడ్డ మింద సెయ్యేస్తే నీ వంశం ఉండదురా' అనేది. తాత సాష్టాంగపడేవోడు. మళ్ళా కొన్నాళ్ళు కొట్టేవోడు కాదు. అమ్మవారు వచ్చేదో, అవ్వే అనేదో నాకు తెల్దు. అనేది మాత్రం ఇనేవోడు."

ఆమె ఏం చెప్పబోతోందో నాకు అర్థమైంది. ఆపాలనిపించింది.

"అప్పుడు మీ నాయన ఊపిరాడక సచ్చిపోతా ఉండాడు. ఎవురు సెప్పినా ఇనడు. నేను పొమ్మంటే ఇంటాడా? ముప్పై ఏండ్లలో నా మాట మింద ఏం చేసినాడు? సెడ్డోడు కాదు, నేను ఏదీ అడిగిందాన్ని కాదు. ఆ పొద్దు వాకిలి ఊడస్తా ఉంటే అవ్వ గుర్తొచ్చింది. పోయి సెప్పేసినా." రెమ్మ పక్కన పెట్టింది. "నాకు ఎవురూ ఏమీ సెప్పలేదు నిస్సీ. ఆయన పేరు పెట్టి అబద్ధమాడినా. ఆ నోటితో రొట్టె ఎట్ల తినేది?"

"నాయన బతికినాడు కదమ్మా. దేవుడికి తెలీదా నువ్వెందుకు చెప్పినావో?"

"తెలుసు. అందుకే భయం."

"అయితే నాయనకు చెప్పు."

"చెప్తే? ఆయన నన్ను నమ్మి పోలేదు మే, దేవుణ్ణి నమ్మి పోయినాడు. గొంతు ఇచ్చేసి వచ్చినాడు. అదంతా నా కట్టుకథ అంటే ఆయనకింక ఏముండాది సెప్పు? నేను బల్లకు రాకపోతే పోయేది నాకొక్కదానికే. ఉండనీ."

నేను ఇంకా ఏదో చెప్పాను. కృప అన్నాను, క్షమాపణ అన్నాను. సండేస్కూలు పిల్లలకు చెప్పే మాటలే. ఆమె వింటూ మునగాకు దూసింది. నాకు కూడా అలసటగా ఉంది. ఆ రాత్రి షిఫ్టు ఉంది. పోయి పడుకున్నాను.

తమిళులు ఆడి అనే నెల అది. గాలులు, అప్పుడప్పుడు జల్లు. మళ్ళీ సంస్కారపు ఆదివారం వచ్చింది. నాయన తెల్లచొక్కా వేసుకుని, మెడ గుడ్డ మార్చుకుని, బైబిలు సంచి చంకన పెట్టుకుని గడపలో నిలబడ్డాడు. అమ్మ పొయ్యి ముందు కూర్చుని ఉంది.

"మీరు పోండి. నేను ఎనకాల వస్తా," అంది.

నాయన కదలలేదు. అయ్యగారి బండి మా వీధిలోంచి చర్చి వైపు పోయింది. పాట మొదలైనట్టు వినపడింది. ఎత్తుకునేవాళ్ళు లేక తడబడుతోంది. నేను, "నాయనా, ఆలస్యమవతా ఉండాది" అన్నాను. ఆయన సంచి నాకిచ్చి లోపలికి పోయి అమ్మ పక్కన, పొయ్యి ముందు, నేల మీద కూర్చున్నాడు.

"ఏం చేస్తా ఉండావు? తెల్లచొక్కా! మసైపోతాది, లెయ్!"

లేవలేదు. ఆమె భుజం పట్టుకుని తోసింది. ఆయన బరువుగా అలాగే ఉన్నాడు.

"నన్ను పిలవొద్దు. నేను రాను. నిస్సీ, లేపుకోని పో మీ నాయన్ని."

నేను గడపలో నిలబడిపోయాను. నాయన ఆమె మొహం వైపే చూస్తున్నాడు. ఆ చూపు ఆమె భరించలేకపోయింది.

"అబద్ధం చెప్పినాను!" అంది. అరిచినట్టుగా వచ్చింది. "నాకెవురూ ఏమీ చెప్పలేదు. ప్రభువూ లేదు, ఏమీ లేదు. నేనే కట్టి చెప్పినా. నువ్వు నమ్మి పోయినావు. ఇప్పుడు కొట్టు, తిట్టు, ఏమన్నా చెయ్యి."

నాయన పెదాలు కదిపాడు. అమ్మకు అర్థం కాలేదు. నా వైపు చూసింది.

"తెలుసంట," అన్నాను.

"ఏం తెలుసు?"

మళ్ళీ కదిపాడు. "ఆ పొద్దే తెలుసంట. నువ్వు చెప్తా ఉన్నప్పుడే."

 పొయ్యిలో కట్టె జారి బయటికొచ్చింది. ఎవరమూ లోపలికి తోయలేదు.

"తెలిసి ఏంటికి పోయినావు మళ్ళా?"

నాయన ఈసారి నెమ్మదిగా, ఒక్కొక్క మాటకూ ఆగి, నేను చెప్పేదాకా ఉండి, తర్వాతి మాటకు పోయాడు. నా గొంతుతో ఆయన మాట్లాడటం అదే మొదటిసారి.  

"గొంతు లేకపోయినా మనిషి కావాల అన్నావు," అన్నాను నేను, ఆయన పెదాలు చూస్తూ. "నేను చర్చిలో కూర్చుని అడిగింది అదే. గొంతు పోతే నన్నేం చేసుకుంటావని ఆయన్ని అడిగినా. కత్తి సంగతి కాదు నేనడిగింది. ఎవురూ దానికి జవాబు చెప్పలా. నువ్వు చెప్పినావు."

అమ్మ తల వంచుకుంది.

"అబద్ధం నీది," అన్నాడు నాయన, నా నోటితో. "మాట ఆయనది. నాకు ఇనపడింది."

అమ్మ కొంగుతో మొహం కప్పుకుంది. ఏడుస్తోందో, ఊరికే కూర్చుందో తెలియలేదు. కొంతసేపటికి కొంగు తీసి, జారిన కట్టెను లోపలికి తోసి, "అయినా పాపం పాపమే," అంది మొండిగా. "అయ్యగారికి చెప్పాల. కుప్పమ్మొదినకు కూడా చెప్పాల, ఆ ఆడోళ్ళు రాకుండా."

నాయన తల ఊపాడు. లేవబోతే మోకాలు పట్టేసింది. అమ్మ చంక కింద చేయి వేసి లేపింది. చొక్కా వెనక మసి అంటింది. దులిపింది. పోలేదు. "పోనీలే" అంది.

మేం పోయేసరికి ప్రసంగం అయిపోయింది. అమ్మ ఆఖరి వరసలో ఆగకుండా నేరుగా ముందుకు పోయింది. అయ్యగారి దగ్గర వంగి ఏదో చెప్పింది. ఆయన ఇంకా రెండు ఊళ్ళు పోవాలి, అలసిపోయి ఉన్నారు. విన్నారు. అమ్మ తల మీద చేయి పెట్టి కళ్ళు మూసుకుని ప్రార్థించారు. ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "నన్నింక ఏమీ అడగొద్దు వదినా, నాకెప్పుడూ ఏమీ చెప్పలేదు ఆయన," అని కుప్పమ్మత్తకు వినపడేలా చెప్పి మోకరించింది. కుప్పమ్మత్త పక్కకు జరిగి చోటిచ్చింది.

అమ్మ పక్కన నాయన, నాయన పక్కన నేను. అయ్యగారు ఒక్కొక్కరి అరచేతిలో రొట్టె పెట్టుకుంటూ పోయారు. నాయన తన ముక్క నోట్లో పెట్టుకున్నాడు. మింగడానికి మెడ చాచి, కళ్ళు గట్టిగా మూసుకుని, ఎప్పటిలాగే తంటాలు పడ్డాడు. అమ్మ తన రొట్టె అరచేతిలో అలాగే పట్టుకుని ఆయన మెడనే చూస్తోంది. అయ్యగారు గిన్నె పట్టుకుని ఆమె ముందు ఆగారు. ఆమె పట్టించుకోలేదు. ముద్ద దిగింది. నాయన కళ్ళు తెరిచాడు.

అప్పుడు అమ్మ తన చేతిలోది తింది.